దేశాల బలం, మన ఊరి బోరు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు ఫోన్ చేసి, "దేశాలు బలం కోసం, పలుకుబడి కోసం, సంపద కోసం ఏమేం చేస్తున్నాయో చెప్పండి సార్, ఇరవై నిమిషాల్లో ముగించండి" అన్నారు. నేను ముప్ఫై ఏళ్లు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పినోడిని. మాకు ఇరవై నిమిషాలు హాజరు తీసుకోవడానికే సరిపోయేది. అయినా ప్రయత్నిస్తా.

అమెరికా, చైనా, రష్యా అని మొదలుపెడితే మీరు రాత్రి టీవీలో వినేదే మళ్లీ వింటారు. అందుకని నేను మన తట్టు నుంచే చెప్తా. గండికోట, ప్రొద్దుటూరు, మంగంపేట, తుమ్మలపల్లె. ఈ నాలుగూ తెలిస్తే ప్రపంచ రాజకీయం ముప్పాతిక వంతు తెలిసినట్టే అని నా నమ్మకం.

1974 మే నెల. మేం పదో తరగతి పరీక్షలు రాసి, ఫలితాల కోసం భయపడుతూ సెలవుల్లో తిరుగుతున్నాం. పంచాయతీ రేడియోలో వార్త వచ్చింది. రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో మన దేశం అణుపరీక్ష చేసిందని. మా సోషల్ సారు బజార్లోనే నిలబడి, "ఇంక మనల్ని ఎవరూ ఏమీ అనలేరు రా" అన్నారు. మేం ఎగిరి గంతేశాం. ఇంటికొచ్చి మా జేజికి చెప్పినా. ఆమె చెనిక్కాయలు వొలుస్తా ఉంది. "బలమంటే యాముంది నాయనా, ఇంగో గతి ఉండడమే బలం. గతి లేనమ్మకు గంజే పానకం" అనింది. అప్పుడు ముసలామె మాట అనుకున్నా. తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా, అందులో ఉన్నది ఆ మాటే. ఎవడికి ఇంకో దారి ఉందో వాడు బేరం చేస్తాడు. లేనోడు వాడిచ్చింది తీసుకుంటాడు.

మొదట గండికోట. పెన్న గట్టు మీది ఆ కోటను పెమ్మసాని వారి దగ్గర నుంచి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1650 ప్రాంతంలో గెలుచుకున్నాడు. ఆయన పుట్టింది ఇరాన్‌లో. మనం సేనాని అంటాం గానీ ఆయన అసలు వ్యాపారి. వజ్రాల గనులు కౌలుకు తీసుకున్నాడు, సముద్రం మీద సొంత ఓడలు నడిపాడు. 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు ఆయన్ను కలవడానికి గండికోటకే వచ్చాడు. కారణం ఏమంటే, గోల్కొండ సుల్తానుకు విలువైన రాయి ఏదైనా అమ్మాలంటే ముందు మీర్ జుమ్లా చూడాలి. అదే కోటలో ఇంకో ఫ్రెంచివాడు ఫిరంగులు పోసే పనిలో ఉండినాడని తావెర్నియే రాశాడు. గుళ్లలోని లోహ విగ్రహాలను ఆ ఫిరంగుల కోసం కరిగించారనీ రాశాడు. నాలుగేళ్లు తిరక్కముందే మీర్ జుమ్లా తన సుల్తానును వదిలి మొగలుల పక్షం చేరాడు. వజ్రం ఉంది, ఓడ ఉంది, ఫిరంగి ఉంది, పోవడానికి ఇంకో కొలువూ ఉంది. సుల్తానుకు మాత్రం ఇంకో మీర్ జుమ్లా లేడు. మనం గండికోటకు పిక్నిక్ పోయి లోయ దగ్గర ఫోటోలు దిగి వస్తాం. ఈసారి పోతే మసీదు మెట్ల మీద కాసేపు కూర్చుని ఈ సంగతి తలుచుకోండి.

ఇంక 1800. మనల్ని దత్తమండలాలు అంటారు కదా, దత్తత పోయింది ఎందుకో చాలామందికి తెలీదు. అప్పట్లో యూరప్‌లో ఇంగ్లీషువాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ యుద్ధం. 1798లో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. అక్కడి నుంచి ఇండియాకు వస్తాడేమోనని కంపెనీ వాళ్లకు భయం. హైదరాబాదులో నిజాం దగ్గర ఫ్రెంచి అధికారులు తర్ఫీదు ఇచ్చిన పెద్ద సేన ఉండేది. ఆ సేనను రద్దు చేయించి, దాని స్థానంలో తమ సేనను పెట్టారు. అదే సైన్య సహకార ఒప్పందం. ఆ సేన జీతాలు నిజామే కట్టాలి. రెండేళ్లకు ఆ ఖర్చు కింద, టిప్పు మీద యుద్ధాల్లో 1792లోనూ 1799లోనూ తన వాటాకొచ్చిన బళ్లారి, కడప సీమలను 1800 అక్టోబర్ 12న కంపెనీకి రాసిచ్చేశాడు. అంటే ఎక్కడో నైలు నది ఒడ్డున జరిగిన దానికి పెన్న ఒడ్డున శిస్తు కట్టించుకునేవాడు మారిపోయాడు. మన తాతల ముత్తాతలను ఎవరూ అడగలేదు. నిజామును కూడా నిజంగా అడిగినట్టు కాదు. ఫ్రెంచి సేన పోయినాక ఆయనకు ఇంకో గతి లేదు.

ఇక్కడ ఒక మనిషి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. థామస్ మన్రో. మన సీమకు మొదటి ప్రధాన కలెక్టరు, 1800 నుంచి 1807 దాకా. ఆయన్ను మనవాళ్లు ప్రేమగా తలుచుకుంటారు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే ఆయన పేరు పిల్లలకు పెట్టుకున్న ఇండ్లు కూడా ఉన్నాయి. మంచివాడే కావచ్చు. నేను చెప్పేది వేరే. ఆయన ఇక్కడ చేసిన అసలు పని పొలం పొలం కొలిపించడం. ఏ చేను ఎన్ని కుంటలు, నల్లరేగడా ఎర్రనేలా, బావి ఉందా, రైతు పేరేమి, ఎంత కట్టగలడు, అంతా కాగితం మీదికి ఎక్కించినాడు. పాలెగాండ్ల చేతుల్లో కత్తులుండినాయి. ఆయన దగ్గర లెక్క ఉండింది. ఆ లెక్క పట్టుకునే రైతు దగ్గరికి నేరుగా పోయినాడు, మధ్యలో పాలెగాడి అవసరం లేకుండా చేసినాడు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడి, మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో కోవెలకుంట్లలో ఉరికంబం ఎక్కే నాటికి, పాలెగాండ్ల కాలం లెక్కల పుస్తకాల్లో ఎప్పుడో ముగిసిపోయింది. ఈ లెక్క మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తా.

(మనకు రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు సూచించినది. అంతదాకా 128 ఏళ్లు మన పేరే "ఇచ్చేసిన జిల్లాలు". ఇదీ పలుకుబడే. పేరు పెట్టే హక్కు ఎవరిదో చూడండి.)

ప్రొద్దుటూరు అంటే ఇప్పుడు బంగారం అంగళ్లు. వంద, నూటయాభై ఏళ్ల కిందట మన జిల్లాలో నీలిమందు పెద్ద పంట. నీలి ఆకు తొట్లలో నానబెట్టి, చిలికి, పేరిన దాన్ని ముద్దలు చేసి ఆరబెట్టి మద్రాసుకు తోలేవారు. అక్కడి నుంచి యూరప్ మిల్లులకు. 1897లో జర్మనీలో బీఏఎస్ఎఫ్ అనే కంపెనీ రసాయనాలతో నీలిని తయారుచేసి అమ్మకానికి పెట్టింది. కొన్నేళ్లలోనే మన తొట్లు ఎండిపోయినాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ రంగు రాక, నాలుగేళ్లు మళ్లీ మన నీలికి గిరాకీ వచ్చింది. యుద్ధం అయిపోయింది, గిరాకీ పోయింది. కొనేవాడికి ఇంకో దారి దొరికింది, మనకు దొరకలేదు. మన రైతు తప్పేమీ లేదు, సోమరితనం లేదు, నేల చెడిపోలేదు. ఒక ప్రయోగశాలలో పదిహేను, ఇరవై ఏళ్లు ఓపికగా డబ్బు పోసిన వాళ్లు గెలిచారు. చైనా ఈ రోజు బ్యాటరీల్లో, అరుదైన ఖనిజాల్లో చేస్తున్నది ఇదే. ఖనిజం చాలా దేశాల్లో ఉంది. దాన్ని శుద్ధి చేసే పని వాళ్లు చేతిలో పెట్టుకున్నారు.

మంగంపేట సంగతి చూడండి. ఓబులవారిపల్లె మండలంలోని ఆ ముగ్గురాయి ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటి. మామూలు రాయి కంటే బాగా బరువు. చమురు బావి తవ్వేటప్పుడు కింద నుంచి గ్యాసు, నూనె ఒక్కసారిగా ఎగదన్నకుండా బరువైన బురద పోయాలి. ఆ బురదకు బరువు ఇచ్చేది ఈ ముగ్గురాయి పొడి. అందుకని అది గల్ఫ్‌కు, అమెరికాకు ఓడలెక్కి పోతుంది. మన కడప జిల్లా మనుషులూ గల్ఫ్‌కే పోతారు. రాయీ పోతుంది, మనిషీ పోతాడు. రాయికైతే వీసా అక్కర్లేదు.

మా చిన్నాయన కొడుకు ఒకడు కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. 1990 ఆగస్టు 2 తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం వీధుల్లో ఉంది. వీళ్ల సేటు కుటుంబంతో సహా ఎటో పోయినాడు. నెల రోజులు వీళ్లు ఖర్జూరాలు, రొట్టెలు తిని గడిపారు. తర్వాత బస్సుల్లో బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్ రాజధాని అమ్మాన్, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయి. ఆ రెండు నెలల్లో లక్ష మందికి పైగా మనవాళ్లను అలా తీసుకొచ్చారు. ఇంత పెద్ద పని ఒక పౌర విమాన సంస్థ అంతకు ముందు చేయలేదు. దీన్ని మనం గర్వంగా చెప్పుకోవాల్సిందే. అయితే మావాడు నడుముకు కట్టుకుని తెచ్చిన కువైట్ దీనార్లు ఇక్కడ ఎవరూ మార్చలేదు. యుద్ధం తర్వాత కువైట్ కొత్త నోట్లు వేసి పాతవి రద్దు చేసింది. ఆరేళ్ల కష్టం. ఆ నోట్లు ఇప్పటికీ వాళ్లింట్లో ట్రంకుపెట్టె అడుగున ఉన్నాయి. అడిగితే చూపిస్తాడు, ఇవ్వడు.

వాడి ఇంట్లో జరిగిందే దేశానికీ జరిగింది. చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఆగింది. 1991 వేసవికి మన దగ్గర రెండు వారాల దిగుమతులకు మాత్రమే డాలర్లు మిగిలినాయి. ఆ జనవరిలో అమెరికా సైనిక విమానాలు మన విమానాశ్రయాల్లో ఇంధనం నింపుకుని పోయినాయి. అదే నెలలో అంతర్జాతీయ ద్రవ్యనిధి అప్పు ఇచ్చింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఎవరూ కాగితం మీద రాసుకోలేదు. అలాంటివి రాసుకోరు. మే నెలలో 20 టన్నుల బంగారం స్విస్ బ్యాంకుకు పోయింది. జూలైలో ఇంకో 47 టన్నులు ఇంగ్లండు, జపాన్ బ్యాంకుల్లో తాకట్టు పెట్టారు. ప్రొద్దుటూరు వాళ్లకు తాకట్టు అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. అప్పటికి పీవీ గారు ప్రధాని అయ్యారు. ఆయన ఆ నవంబర్‌లో మన పక్కనే ఉన్న నంద్యాల నుంచే లోక్‌సభకు ఎన్నికైనారు. ఆర్థిక సంస్కరణలు మంచివా చెడ్డవా అని నా క్లాసులో ఏటా గొడవ జరిగేది. నా అభిప్రాయం నాకుంది, ఇక్కడ వద్దు. ఆ రోజు మనకు నచ్చినా నచ్చకపోయినా చేసేవాళ్లమే అన్నది మాత్రం నిజం. గంజే పానకం.

ఇప్పుడు తుమ్మలపల్లె. పులివెందుల దాటితే వేముల మండలం. మళ్లీ 1974కు రావాలి. మేం గంతులేసిన ఆ పరీక్షకు మనం కట్టిన వెల ఏమంటే, అణు ఇంధనం సరఫరా చేసే దేశాలు ఒక కూటమి కట్టి మనకు సరఫరాను కట్టడి చేసినాయి. అంతకు ముందు సాయం చేసిన కెనడా కూడా పక్కకు తప్పుకుంది. మన రియాక్టర్లలో ఎక్కువ వాటికి మన యురేనియమే గతి. అది చాలక 2007, 2008 ప్రాంతంలో అవి దాదాపు సగం సామర్థ్యంతోనే నడిచినాయి.

వేముల ప్రాంతంలో యురేనియం ఉందని చాలా ఏళ్ల కిందటే కనుక్కున్నారు. కానీ ఈ రాయి సున్నపు జాతి. జార్ఖండ్‌లో చేసినట్టు ఆమ్లం పోస్తే, యురేనియం కంటే ముందు రాయే ఆమ్లాన్నంతా తాగేస్తుంది. అందుకని వేడితో, ఒత్తిడితో, క్షారంతో తీసే పద్ధతి కుదిరేదాకా ఆగారు. 2007 నవంబర్‌లో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు శంకుస్థాపన చేశారు. 2012లో మిల్లు మొదలైంది. టన్ను రాయి పిండితే వచ్చేది అర కిలో లోపే. మిగతా అంతా బురద. అది చెరువుకు పోతుంది. పసుపు పొడి హైదరాబాదుకు పోతుంది. 2011లో అణుశక్తి కమిషన్ ఛైర్మన్ ఇక్కడ 49 వేల టన్నులు ఖాయమని, లక్షా యాభై వేల దాకా ఉండొచ్చని ప్రకటించినప్పుడు, ప్రపంచ పత్రికల్లో మన కడప పేరు కనపడింది.

దీని అసలు విలువ టన్నుల్లో లేదు. అమెరికాతో అణు ఒప్పందం చర్చల్లో మన రియాక్టర్లను రెండు కుప్పలు చేశారు. 22లో 14 అంతర్జాతీయ తనిఖీ కిందికి, 8 తనిఖీ బయట. 2008 సెప్టెంబర్ 6న వియన్నాలో ఆ కూటమి మనకు మినహాయింపు ఇచ్చింది. బయటి నుంచి కొన్న యురేనియం తనిఖీ కింద ఉన్న కుప్పకే వాడాలి. రెండో కుప్పకు మన నేలలో దొరికిందే. అది దేనికో మీరు ఊహించుకోగలరు. నేల కింద మనకంటూ కొంత ఉంది కాబట్టే, ఒప్పందం కుదరకపోతే చచ్చిపోతామనే స్థితిలో మనవాళ్లు ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. తర్వాత కజకిస్తాన్ అమ్మింది. 2015లో కెనడా కూడా అమ్మకానికి ఒప్పుకుంది. నలభై ఏళ్ల కిందట తలుపు వేసిన ఇంటివాళ్లే ధర ఎంతిస్తారని అడిగారు. మా సోషల్ సారు అన్న మాట ఆ రోజు కొంత నిజమైంది. ఇది విన్న రోజు నేను చాలా సంతోషపడినా. ఆ సంతోషాన్ని ఇప్పుడూ వెనక్కి తీసుకోను.

కానీ, ఆ బురద చెరువుకు దగ్గరలోని కొట్టాల ఊరి రైతులు తమ బోర్ల నీళ్లు చెడిపోయినాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని చెప్పుకుంటూ వచ్చారు. 2019లో కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇచ్చింది. ఈ నేలలో యురేనియం సహజంగానే ఉంది కాబట్టి నీళ్లలో ఉండటం మా వల్ల కాదని సంస్థ వాదన. ఎవరిది నిజం? నేను ఎకనామిక్స్ వాణ్ని, తీర్పు చెప్పలేను. ఒక ప్రశ్న మాత్రం అడగగలను. మిల్లు రాకముందు ఆ బోర్లలో నీళ్లు ఎలా ఉండేవో, ఆ రైతు చేతిలో కాగితం ఉందా? సర్కారుకు లెక్కలున్నాయి. సంస్థకు లెక్కలున్నాయి. రైతుకు నాలుక మీది రుచి తప్ప ఏముంది? "నీళ్లు ముందు తియ్యగా ఉండేవి సార్" అంటే ఏ కమిటీ రాసుకుంటుంది? దేశానికి ఇంకో దారి దొరకడానికి సాయపడిన ఊరికి, నీళ్లకు మాత్రం ఇంకో దారి లేకపోవడం నన్ను నిద్రపోనివ్వని సంగతి.

మన సింహాద్రిపురం నల్లరేగడికి వస్తా. శనగ వేసి, పండినాక ధర లేదని కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఆ బాండు మీద బ్యాంకులో అప్పు తెచ్చుకున్న వాళ్లు ఈ సభలో కనీసం పాతిక మంది ఉంటారు. 2017 డిసెంబర్‌లో ఢిల్లీ శనగ దిగుమతి మీద 30 శాతం సుంకం వేసింది. ఫిబ్రవరికి 40, మార్చికి 60. అక్కడ ఆస్ట్రేలియా రైతులు నెత్తీనోరూ కొట్టుకున్నారు. 2024 మేలో దేశవాళీ శనగ మీద సుంకం మొత్తం తీసేసింది. అప్పుడు నెత్తి కొట్టుకోవడం మన వంతు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ 10 శాతం. పట్నంలో పప్పు ధర పెరగకూడదు, పల్లెలో రైతు చెడకూడదు, ఆస్ట్రేలియాతో సంబంధం పాడుకాకూడదు. ఈ మూడింటి మధ్య నలిగే నిర్ణయం అది. ఢిల్లీలో కూర్చున్నవాణ్ని నేను తిట్టను. కానీ ఆస్ట్రేలియా రైతుల తరఫున వాళ్ల సంఘం, మంత్రి లెక్కలు పట్టుకుని ఢిల్లీ వచ్చి మాట్లాడతారు. మన శనగ ఖర్చు ఎకరాకు ఎంతయిందో మన మండలంలో సంవత్సరం వారీగా రాసిపెట్టిన పుస్తకం ఒక్కటి నాకు చూపించండి. నేను పోయిన ఏడాది వెతికినా. ఇద్దరు రైతుల దగ్గర చిట్టాలు దొరికినాయి. అందులో ఒకటి సగం చెదలు తినేసింది.

మన్రో గురించి అంత సేపు ఎందుకు చెప్పినానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. రెండు నిమిషాలు.

బడిలో ఒక రిజిస్టరు పెడదాం. తొమ్మిదో తరగతి పిల్లలు ఏటా రెండు సార్లు, మేలో ఒకసారి, వానలు పడినాక ఒకసారి, ఎంచుకున్న యాభై బోర్ల లోతు, నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి, ఎంత సేపు పోస్తుంది రాసుకోవాలి. ప్రతి బోరు నుంచి ఒక సీసా నీళ్లు గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపి, వచ్చిన కాగితం అందులో అంటించాలి. శనగకు, చీనీకి, అరటికి ఆ ఏడాది పెట్టుబడి ఎంత, అమ్మిన ధర ఎంత, అదీ రాయాలి. సైన్సు సారు, సోషల్ సారు చెరొక సంతకం పెట్టాలి. హెడ్మాస్టరు గారిని నిన్ననే అడిగినా, బీరువాలో చోటిస్తామన్నారు. పరీక్షల ఖర్చుకు మొదటి సంవత్సరం నా పింఛను నుంచి నేనిస్తా. రెండో సంవత్సరానికి 1974 బ్యాచీ వాళ్లు ఇవ్వాలి, వాళ్ల పేర్లు నేను ఇప్పటికే రాసేసినా, వాళ్లకింకా తెలీదు. మొదటి యాభై బోర్ల జాబితా అక్కడ బల్ల మీద ఉంది. మీ చేను ఎక్కడుందో చూసుకుని, భోజనాలకు పోయే ముందు పేరు రాయించి పోండి.